చేనుగట్టు మీది దారి

"దూరం గిట్ల లేవు గద?"

మా అత్తమ్మ రోజూ పొద్దున నన్ను పలకరించే మాట ఇదే. లేచావా అని కాదు, ఒంట్లో బాగుందా అని కాదు. పొయ్యి అంటుకుని పెద్ద గుండిగలో ఎసరు మరిగే వేళకు ఆమె వేపపుల్ల పట్టుకుని దొడ్లోకి వస్తుంది. ఈ మాట అడుగుతుంది. లేను అత్తమ్మా అని నేనన్నాకే పుల్ల నోట్లో పెట్టుకుంటుంది. ఉన్నాను అన్న రోజున ఎసరు పారబోయించి, గుండిగ తోమించి, నన్ను వెనక వసారాలో కూర్చోబెట్టి, తిట్టుకుంటూ తనే మళ్లీ పొయ్యి ముట్టిస్తుంది. ఆ తిట్లు వింటే, నేను పత్తి పూసే కాలం చూసుకుని కావాలనే ముట్టవుతున్నానేమో అనిపిస్తుంది. పెళ్లయిన కొత్తలో ఆ ప్రశ్నకు సిగ్గుపడేదాన్ని. తర్వాత కొన్నాళ్లు కోపం వచ్చేది. ఆ తర్వాత మిగిలింది భయం ఒక్కటే. రాత్రి పడుకునే ముందే రేపు ఏం జవాబు చెప్పాల్సి వస్తుందో అని లెక్కలు వేసుకుంటూ పడుకునేదాన్ని.

ఆ గుండిగెడు అన్నం మా ముగ్గురి కోసం కాదు. మా సీడు పత్తి చేనులో పనిచేసే ఆడపిల్లల కోసం. పొద్దున్నే వాళ్లకు అన్నం వండి, పుంటికూర పచ్చడి నూరి, గంపకెత్తి చేనుకు పంపి, అప్పుడు నేను స్నానం చేసి చీర మార్చుకుని బడికి పోయేదాన్ని. పోయేసరికి ఆ పిల్లలు కూర్చోవలసిన జాగా ఖాళీగా ఉండేది. ఊరికి ఒకటే బడి, బడికి ఒక్కదాన్నే టీచర్ని. నలుగురు మగపిల్లలూ, చంకలో తమ్ముణ్ణి ఎత్తుకున్న ఒకరిద్దరు ఆడపిల్లలూ, మిగతాదంతా ఖాళీ చాప. బడికి రాని పిల్లలకు వండి పెట్టే టీచర్ని బహుశా నేనొక్కదాన్నే అయి ఉంటానని నాలో నేను నవ్వుకునేదాన్ని. ఆ నవ్వు ఎవరికీ కనబడనిచ్చేదాన్ని కాదు.

సీడు పత్తి పని తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. రేపు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పూటే గోటితో ఒలిచి, లోపలి పుప్పొడి అంతా తీసేయాలి. గుర్తుకు దానికి ఎర్ర కాగితం తగిలించాలి. మర్నాడు పొద్దున వేరే సాళ్ల నుంచి మగపువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. దాన్నే క్రాసింగ్ అంటారు. చెట్టు చెట్టుకూ, పువ్వు పువ్వుకూ, పూత ఉన్నన్నాళ్లు రోజూ ఇదే పని. పెద్దవాళ్లు వంగి చేస్తే నడుములు పడిపోతాయని, పిల్లలైతే చెట్టంత ఎత్తు ఉంటారు కాబట్టి నిలబడి చేస్తారని మావాళ్లు అంటారు. వాళ్ల వేళ్లు సన్నమంటారు, ఎదురు చెప్పరంటారు. అన్నిటికంటే పెద్ద కారణం మాత్రం గొంతు తగ్గించి చెబుతారు. ముట్టయిన ఆడది సీడు చేనులో అడుగు పెడితే కట్టిన పిందె రాలిపోతుందట. పెద్దమనిషి కాని పిల్లలతో ఆ బాధ లేదు. అలా మా చేనుకు కావలసిన వయసూ మా బడికి కావలసిన వయసూ ఒకటే అయ్యాయి.

మా ఆయన దేవరాజును ఊళ్లో ఎవరూ చెడ్డవాడనరు. తాగడు. గట్టిగా మాట్లాడడు. మానవపాడు చుట్టుపక్కల సీడు పత్తి వేసిన రైతుల్లో పేరున్నవాడు. నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు ఎవరెవరి చుట్టూ తిరిగాడో తెలియదు గాని ఇదే ఊరికి వేయించాడు. "ఇంటి ముంగట బడి. సల్లగ పొయ్యి సల్లగ రావొచ్చు. ఇంకేం గావాలె నీకు?" అనేవాడు. ఆ మాట అన్న ప్రతిసారీ, నా ఉద్యోగం అతని జేబులోంచి తీసి ఇచ్చినట్టూ, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ జేబులో వేసుకోగలడన్నట్టూ వినబడేది. ఒకసారి, పెళ్లయిన రెండో ఏడు, బజార్లో మగవాళ్ల మధ్య అతని మాటకు అడ్డం వచ్చానని ఇంటికొచ్చాక చెంప మీద కొట్టాడు. కోపంగా కాదు, ఈగను తోలినంత మామూలుగా. ఆ మామూలుతనం నాకు ఇప్పటికీ భయమే. అప్పటినుంచి అతని చేయి కొంచెం పైకి లేస్తే చాలు, దేనికోసం లేచిందో తెలిసేలోపలే నా మెడ ముడుచుకునేది.

మండలం నుంచి ఆఫీసరు తనిఖీకి వస్తే భోజనం మా ఇంట్లోనే. కోడిని కోయించి, జొన్నరొట్టెలు చేసి వడ్డించడం నా పని. నా బడిని తనిఖీ చేయడానికి వచ్చినాయన నా వంటను తనిఖీ చేసి పోయేవాడు. ఒకసారి అన్నం కలుపుకుంటూ, ఆడపిల్లలు ఎక్కడా కనిపించలేదేమమ్మా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపలే మా ఆయన అందుకున్నాడు. "ఏం జేద్దం సార్. ఈ ఊరోళ్లకు సదువు ఇలువ తెల్వది." ఆఫీసరు తల ఊపి నిట్టూర్చాడు. ఆ పిల్లలు ఆ నిమిషాన గోడకు అవతల, మా చేనులో, ఎండలో నిలబడి పువ్వులు రుద్దుతున్నారు. నేను ఆయన విస్తట్లో ఇంకో గరిటె కూర వేసి లోపలికి పోయాను. లోపలికి పోయి పొయ్యి దగ్గర నిలబడితే నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా బయటికి వచ్చి మాట్లాడలేదు.

బడి మా చేనుకు అవతల, రాళ్లగుట్ట మొదట్లో ఉంది. ఎవరికీ పనికిరాని జాగా కాబట్టి బడికి ఇచ్చారు. ఇంటి నుంచి చేనుగట్టు మీదుగా పోతే ఎంతో సేపు పట్టదు. ఆ మూడు రోజులు మాత్రం నేను గట్టు ఎక్కడానికి లేదు. ఊరంతా చుట్టి, చాయ హోటలు ముందునుంచి, వాగు పక్క బాటన పోవాలి. అంటే నా ఒంటి సంగతి నెలనెలా ఊరికి దండోరా వేసుకుంటూ పోవాలన్నమాట. హోటలు బల్ల మీది మగవాళ్లు గ్లాసులు దించి, టీచరమ్మ ఇయ్యాల సుట్టు తిరిగి పోతున్నది అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. నేను విననట్టు నడిచేదాన్ని. ఒక నెల కాస్త ఆలస్యమైతే, ఏమన్న విశేషమా అని మా అత్తమ్మను నీళ్ల దగ్గర అడిగారట. మర్నాడే నేను చుట్టు తిరగాల్సి వచ్చింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. ఇన్నేండ్లయినా కడుపు పండలేదన్న బాధ నాకూ ఉంది. కాని నా బాధను బాట మీద నడిపించి ఊరికి చూపించడం ఇంకో బాధ.

ఇక జమ్ములు సంగతి చెప్పాలి. పూర్తి పేరు జమ్ములమ్మ. గద్వాల జమ్ములమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. తల్లి సత్తెమ్మ మా చేలల్లోనే కలుపు తీస్తుంది. తండ్రి మేస్త్రీ వెంబడి కాలువ పనులకు పోయాడు. ఎక్కడున్నాడో, ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు. జమ్ములు పేరు నా బడిలో ఉంది, మనిషి మా చేనులో ఉంది. మధ్యాహ్నం పిల్లలంతా నేను వండిన అన్నం తింటుంటే, ఆ పిల్ల నాలుగు ముద్దలు మింగి గట్టు మీద పరుగెత్తుకుంటూ బడికి వచ్చేది. వేళ్లకు పసుపు రంగు పుప్పొడి, ఒంటి నిండా మందు కొట్టిన చేను వాసన. కిటికీ చువ్వలు పట్టుకుని, "టీచర్, ఇయ్యాల ఏం చెప్పినవ్?" అనేది. పొద్దుటినుంచి చెప్పిందంతా ఆ కాస్సేపట్లో చెప్పేదాన్ని. ఒకసారి చెబితే మళ్లీ చెప్పక్కర్లేదు. లోపలికి వచ్చి కూర్చో అంటే, కూర్చుంటె లేవబుద్ధి గాదు టీచర్ అని నవ్వేది. ఎండాకాలంలో గురుకులం పరీక్ష ఉంది. అది రాసి గట్టెక్కితే వనపర్తి దిక్కు ఆడపిల్లల బడిలో చేరిపోతుంది. అక్కడే ఉండడం, అక్కడే తిండి. ఆ ఒక్క పిల్లనైనా ఈ చేను దాటించాలని నాకు ఆశ. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఆశలు ఇంట్లో చెప్పుకునే అలవాటు నాకు ఎప్పుడో పోయింది.

పూత మంచి జోరు మీద ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం జమ్ములు పరుగెత్తకుండా, మెల్లగా నడిచి వచ్చింది. కిటికీ దగ్గరికి రాలేదు. తలుపు చాటున నిలబడి నన్ను సైగ చేసి పిలిచింది. పిల్ల ముఖం పాలిపోయి ఉంది.

"టీచర్, నేను పెద్దమనిషినైన," అంది.

ఎప్పుడు అని అడిగాను. నిన్ననే అంది. అమ్మకు చెప్పావా అంటే తల అడ్డంగా ఊపింది.

"చెప్తె మామకిచ్చి చేస్తరు. నాయిన పొయ్యేటప్పుడే మాటిచ్చి పొయిండు. పిల్ల ఎదిగినంక తీస్కపో అని."

"మరి చేన్లకు పోతున్నవా?"

"పోకుంటె తెలిసిపోతది గద టీచర్."

చేను మానితే పెళ్లి. పెళ్లి తప్పాలంటే చేను. ఆ రెండింటి మధ్య బడికి ఒక్క అడుగు జాగా లేదు. నా సంచిలో ఉన్న పాత చీర పేలిక చింపి ఇచ్చి, ఎలా వాడుకోవాలో, ఎక్కడ ఆరేసుకోవాలో చెప్పాను. చేనుకు ఏమన్న అయితదా టీచర్ అని అడిగింది వెళ్లేముందు. ఏం కాదు పిల్లా, పువ్వుకు మన సంగతేం తెలుసు అని నవ్వాను. పువ్వులో ఏ భాగం ఏమిటో, కాయ ఎలా కడుతుందో బొమ్మ గీసి చెప్పేదాన్ని కదా, అంత ధైర్యంగానే అన్నాను. కాని ఆ సాయంత్రం ఇంటికి వస్తూ గట్టు మీద ఆగి, ఎవరూ చూడకుండా పిందెలను వేలితో కదిపి చూశాను. చదువు నా నోట్లో ఉంది గాని భయం అంతకంటే లోపల, మా పుట్టింట్లో, పెద్దమందడిలో, మా అమ్మ నా చిన్నప్పుడు పెట్టిన చోటే ఉంది.

తర్వాతి వారం ముసురు పట్టింది. ఎండ లేదు, గాలి లేదు, సన్నటి తుంపర. ఎగువన పెద్ద వానలు పడి వాగు పొంగింది, వాగు పక్క బాట మునిగింది. రుద్దిన పుప్పొడి రుద్దినట్టే కడుక్కుపోయింది. ముసురు విడిచాక చూస్తే మా చేనులో పిందెలు కిందంతా రాలి ఉన్నాయి. చెట్లకు ఎర్ర కాగితాలు మాత్రం వేలాడుతున్నాయి. వానకు పిందె రాలడం ఏ రైతుకు తెలియదు? మా ఆయనకూ తెలుసు. కాని పక్క చేను వాళ్లు ఆలస్యంగా విత్తారు, వాళ్లకు అప్పటికి పూతే రాలేదు కాబట్టి రాలడానికి పిందె లేదు. చూసేవాళ్లకు మాత్రం వాళ్ల చేను పచ్చగా, మాది బోడిగా కనిపించింది. కంపెనీ తరఫున పంట చూసే ఆర్గనైజరు బాలకిష్టయ్య గద్వాల నుంచి మోటారుసైకిలు మీద వచ్చి, గట్టు మీద నిలబడి, పక్క చేనుకు లేనిది నీ చేనుకేంది దేవరాజు అన్నాడట. వానను తిట్టి లాభం లేదు. తిట్టడానికి ఒక మనిషి కావాలి. మా అత్తమ్మ ఆ మనిషిని సాయంత్రానికే తయారు చేసింది. "మైల తగిలింది. ఎవరో దాచిపెట్టి చేన్ల తిరుగుతున్నరు," అంది.

నేను గిన్నెలు కడుగుతున్నాను ఆ మాట విన్నప్పుడు. మా ఆయన మంచం మీద కూర్చుని, ఎప్పటిలాగే నెమ్మదిగా చెప్పాడు. పొద్దున్నే పిల్లలందర్నీ గట్టు మీద నిలబెట్టి ప్రమాణం చేయిస్తాడట. మా వైపు అది కొత్తేమీ కాదు. పసుపు నీళ్ల పళ్లెంలో వేపరెమ్మలు వేసి, నడుమ కర్పూరం వెలిగించి, దాని మీద చేయి చాపి జమ్ములమ్మ తల్లి పేరు చెప్పాలి. నేను మైలతో చేన్ల అడుగు పెట్టలేదు అనాలి. అబద్ధం చెబితే కళ్లు పోతాయి. కోడి పోయినా, మేక పోయినా ఊళ్లో ఇదే తీర్పు. అప్పటిదాకా ఎదిరించి నిలిచిన దొంగలు కూడా ఆ మంట ముందు నోరు విప్పడం నేను చూశాను.

"దొరికినోళ్ల సంగతి ఎట్ల?" అని అత్తమ్మ అడిగింది.

"దొరకనియ్. చూద్దం," అన్నాడు అతను. అంతకంటే ఏమీ అనలేదు. కిందటేడు పక్క ఊళ్లో ఇలాగే ఒక పిల్ల దొరికితే చింతబరికెతో కొట్టి, తల్లీబిడ్డలను ఊరు దాటించారు. ఆ కొట్టినవాళ్లు కూడా మంచివాళ్లే, తాగనివాళ్లే. తర్వాత నా వైపు తిరిగాడు. "పళ్లెం నువ్వే తయారు చెయ్యి. నువ్వే పట్టుకరా. టీచరమ్మవు గద, పిల్లలు నీ మాట ఇంటరు. నిజం చెప్పుమను." అతను ఎకసెక్కానికి అన్నాడో, నమ్మి అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

చీకటి పడే ముందు పిల్లలు చేను దిగి మా దొడ్లో తొట్టి దగ్గర చేతులు కడుక్కోవడానికి వచ్చారు. అప్పటికే వాళ్లకు సంగతి తెలిసిపోయింది. రోజూ నీళ్లు చల్లుకుని అల్లరి చేసే పిల్లలు ఆ రోజు మాట్లాడకుండా కడుక్కుని పోయారు. జమ్ములు చివరిదాకా ఉంది. కడిగిన చేతులే మళ్లీ కడుగుతూ, తల ఎత్తకుండా అంది. "టీచర్, నేను ఆ తల్లి పేరు పెట్టుకున్న. ఆ తల్లి పేరు మీద అబద్ధం ఎట్ల చెప్పాలె?"

నేను ఉంట గద, భయపడకు అన్నాను. నేను ఉండి ఏం చేస్తానో నాకే తెలియదు. ఆ పిల్ల మాత్రం నమ్మినట్టు తల ఊపి పోయింది. ఆ నమ్మకమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

పొద్దున పళ్లెం తోముతుంటే నడుము కింద నొప్పి వచ్చింది. ఇంకా రోజులున్నాయి కదా అనుకుంటూ దొడ్లోకి పోయి చూసుకుంటే, అదే. అక్కడే గోడకు ఆనుకుని నిలబడిపోయాను. ఈ ఒక్క రోజూ కాకుండా ఉంటే బాగుండేదని నా ఒంటిని నేనే తిట్టుకున్నాను, అచ్చం మా అత్తమ్మ తిట్టినట్టే. చెప్పాలి. చెబితే నన్ను వెనక వసారాలో కూర్చోబెడతారు. పళ్లెం అత్తమ్మ పట్టుకుపోతుంది. గట్టు మీద జమ్ములు నా కోసం చూస్తుంది. చెప్పకుండా పళ్లెం ముట్టుకుంటే అమ్మవారి పళ్లెం, పసుపు, కర్పూరం అన్నీ మైల. నాకేమవుతుంది? మా ఇంటికేమవుతుంది? ఇదంతా ఉత్తదని తెలిసిన టీచరమ్మ ఒకామె, కళ్లు పోతాయని గజగజలాడే ఆడపిల్ల ఒకామె, ఇద్దరూ నా లోపలే నిలబడి ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఏడుస్తున్నారు. స్నానం చేసి, చీర కట్టుకుని బయటికి వచ్చాను. మా అత్తమ్మ వేపపుల్ల పట్టుకుని ఎదురుగా ఉంది.

"దూరం గిట్ల లేవు గద?"

"లేను అత్తమ్మా," అన్నాను.

ఆమె పుల్ల నోట్లో పెట్టుకుంది. నేను పళ్లెం ఎత్తుకున్నాను.

గట్టు మీద పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక తల్లులు. వాగు ఇంకా తగ్గలేదు, దూరంగా హోరు వినిపిస్తోంది. బాలకిష్టయ్య మోటారుసైకిలుకు ఆనుకుని, ఆలస్యమవుతోందన్నట్టు చూస్తున్నాడు. మా ఆయన కర్పూరం వెలిగించాడు. పళ్లెం నా రెండు చేతుల్లో ఉంది. ఒక్కొక్క పిల్ల ముందుకు వచ్చి, మంట మీద చేయి చాపి, నేర్పిన మాట గబగబా చెప్పి పోతోంది. చిన్న చిన్న అరచేతులు, గోళ్లలో పుప్పొడి. ఆ చేతులతో పలకలు పట్టించాల్సినదాన్ని, మంట పట్టి నిలబడ్డాను. కొందరు పిల్లలు ఏమీ లేకపోయినా ఏడుస్తున్నారు. అబద్ధం లేకపోయినా భయపడటం ఆడపిల్లలకు అప్పుడే వచ్చేసింది.

జమ్ములు వంతు వచ్చింది. నా ముందు నిలబడింది. చేయి లేవలేదు.

"ఏందే? చెయ్యి పెట్టు," అన్నాడు మా ఆయన.

పిల్ల నా ముఖంలోకి చూసింది. వెనకనుంచి సత్తెమ్మ, "పెట్టు బిడ్డా," అంది. పెట్టలేదు. తల్లికి అప్పుడు అర్థమైంది. సత్తెమ్మ నోటి మీదికి కొంగు పోవడం నేను చూశాను. ఇంకొక్క నిమిషం గడిస్తే అందరికీ అర్థమవుతుంది. మా అత్తమ్మ అప్పుడే ఒక అడుగు ముందుకు వేసింది.

"ఆ పిల్లనెందుకు అడుగుతున్నరు," అంది ఎవరో. నేనే. నా గొంతు నాకే కొత్తగా, సన్నగా వినిపించింది. "నేను వస్తున్న గద నెలనెల."

మా ఆయన నా వైపు తిరిగాడు. "ఏమంటున్నవ్?"

"మొదటి దినం చెప్త లేను. బడికాడ అయితది. గట్టు మీదనుంచే ఇంటికొస్త. తెల్లారి చెప్త. మీకు ప్రతి నెల ఒక దినం ఎనక తెలుస్తున్నది," అన్నాను. ఇంకా చెప్పడానికి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. "ఇయ్యాల గూడ దూరమే ఉన్న. పళ్లెం నేనే పట్టుకొచ్చిన."

మొదట చెప్పింది అబద్ధం. అప్పటిదాకా నేను ఏ నెలా అలా గట్టెక్కలేదు. బడిలో అయితే పిల్లల్ని పంపేసి వాగు బాటనే చుట్టు తిరిగి వచ్చేదాన్ని, అంత భయం నాకు. చివరి మాట ఒక్కటే నిజం. అమ్మవారి పళ్లెం చేతిలో పెట్టుకుని, మంట ఎదురుగా, నిజమూ అబద్ధమూ కలిపి చెప్పాను. జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. పిల్లల తల్లులు పిల్లల్ని లాక్కున్నారు. బాలకిష్టయ్య మోటారుసైకిలు వదిలి నిటారుగా నిలబడ్డాడు. ఊరి ముందు, బయటి మనిషి ముందు, మా ఆయన పరువు పోయింది. అది అతని కళ్లలో కనబడింది. చేయి పైకి లేచింది. ఎప్పటిలాగే నా మెడ ముడుచుకుంది. కళ్లు మూసుకున్నాను.

దెబ్బ పడలేదు.

"ముట్టుకోకురా," అని మా అత్తమ్మ అరిచింది. "దాన్ని ముట్టుకుంటె నీకు గూడ మైలే. ఉన్న నాలుగు పిందెలు గూడ రాలిపోతయి."

కళ్లు తెరిచాను. అతని చేయి అలాగే గాలిలో ఉంది. దించలేడు, ముందుకు తేలేడు. పెళ్లయిన దగ్గరినుంచి నన్ను వెనక వసారాలో కూర్చోబెట్టిన నియమం, హోటలు ముందు తలవంచి నడిపించిన నియమం, ఇప్పుడు నాకూ అతనికీ నడుమ అడ్డంగా నిలబడింది. నాకు ధైర్యం వచ్చిందని చెప్పను. కాని అతను కూడా భయపడుతున్నాడని మొదటిసారి చూశాను. పళ్లెం గట్టు మీద పెట్టాను. కర్పూరం ఇంకాస్సేపు మండి దానంతట అదే ఆరిపోయింది. నడువు జమ్ములూ, బడికి పొద్దుపోతుంది అంటూ ఆ పిల్ల చేయి పట్టుకున్నాను. వాగు బాట మునిగి ఉంది. చేనుగట్టు తప్ప దారి లేదు. ఎవరూ ఆపలేదు, ఆపాలంటే ముట్టుకోవాలి.

బడికి పోయాక మొదట చేసిన పని నల్లబల్ల వైపు చూడడం. నిన్న రాసిన అక్షరాలు కనిపించాయి. ఒక కన్ను మూసి చూశాను, తర్వాత రెండోది. కనిపించాయి. జమ్ములు నన్నే చూస్తోంది. "అబద్ధం చెప్పినవా టీచర్?" అని అడిగింది. కొంచెం అన్నాను. కళ్లు మంచిగున్నయా అంది. మంచిగనే ఉన్నయి, నువ్వు పలక తీయ్ అన్నాను. ఆ పిల్ల కిటికీ అవతల కాకుండా లోపల చాప మీద కూర్చుంది. కూర్చుంటే లేవబుద్ధి కాదన్న పిల్ల, తలుపు వైపు ఒక కన్ను వేసే కూర్చుంది. నేనూ అంతే. పాఠం చెబుతున్నాను గాని చెవులు గట్టు మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం మా ఆయన వచ్చాడు. బడి మెట్లు ఎక్కలేదు. చేను చివర, గట్టు మీదే ఆగిపోయాడు. నేను గడపలోకి వచ్చి నిలబడ్డాను. అతని గొంతు మళ్లీ నెమ్మదిగా అయింది, నాకు భయమైన ఆ నెమ్మది.

"మూడు దినాలు పోనీ," అన్నాడు. "మూడు దినాలు పోయినంక చెప్త నీ సంగతి."

అంటే మూడు రోజులు గడువు. ఆ తర్వాత అదే చేయి, అదే చెంప. ఈ మూడు రోజుల్లో ఎక్కడికి పోగలను? పుట్టింటికి పోతే జమ్ములు మళ్లీ చేనుకు. ఉద్యోగం మాన్పిస్తాడేమో, వేరే ఊరికి వేయిస్తాడేమో, ఇంకో పెళ్లి చేసుకుంటాడేమో. అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. అతని వెనక చేనులో పిల్లలు సాళ్ల మధ్య నిలబడి మా వైపే చూస్తున్నారు, తలలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ తలలను చూస్తుండగా, పొద్దుటినుంచీ నా కళ్ల ముందే ఉన్న సంగతి నాకు కనిపించింది.

"మూడు దినాలు అయిపోయినయని నీకు ఎవరు చెప్తరు?" అని అడిగాను.

అతనికి వెంటనే అర్థం కాలేదు. "ఏంది?"

"అయ్యిందని చెప్పేది నేనే. అయిపోయిందని చెప్పేది నేనే. నీకు గానీ, అత్తమ్మకు గానీ నేను చెప్తెనే గద తెలిసేది. ఇగ చెప్ప. వాగు తగ్గినా చుట్టు తిరగ. రోజు ఈ గట్టు మీదనుంచే వస్త, ఈ గట్టు మీదనుంచే పోత."

అతను నా వైపు చూశాడు. తర్వాత కాళ్ల కింద గట్టు వైపు చూశాడు. గట్టుకు అటూ ఇటూ చెట్లకు మిగిలిన పూత వైపు, ఎర్ర కాగితాల వైపు చూశాడు. ఇంకా ఎన్నో రోజుల పూత ఉంది. ఒక్కో రోజూ ఎలాంటి రోజో తెలియకుండా గడపాలి. నేను ఇన్నేళ్లు గడిపినట్టే.

"ఏం గావాలె నీకు?" అన్నాడు చివరికి. ఇంటి ముందర బడి గురించి చెప్పేటప్పుడు వాడే మాటే అది. ఈసారి నిజంగా అడిగాడు.

ద్వారబంధం పట్టుకున్నాను.

"చేన్లున్న పిల్లలందరు బడికి రావాలె," అన్నాను. "వాళ్లొచ్చిన దినంనుంచి చెప్త, దూరమున్ననో లేనో."